ఆయన పేరు మీద

మాల వేసుకున్న మొగుడున్న ఇంట్లో ఆడదానికీ సగం మాల పడ్డట్టే. కాకపోతే అది మెడలో కనపడదు. గంగామణి తెల్లవారకముందే లేచి తల మీద నుంచి నీళ్లు పోసుకుంటుంది. తడి తలకు తువ్వాల చుట్టుకుని, స్వామి కోసం వేరుగా పెట్టిన గిన్నెలను, కడిగినవే అయినా మళ్లీ కడుగుతుంది. వేరే పొయ్యి, వేరే ఉప్పు, వేరే మంచినీళ్ల బిందె. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ తగలని కూర. నరేందర్ చన్నీళ్లు పోసుకుని, నల్ల లుంగీ కట్టుకుని వచ్చి శరణుఘోష మొదలుపెట్టేసరికి అయ్యప్ప పటం ముందు పూలు, పండ్లు, వెలిగిన దీపం సిద్ధంగా ఉండాలి. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఆ దీపం ఆలస్యం కాలేదు. దాన్ని వెలిగించే మనిషి, వెలిగించే ముందు బియ్యం డబ్బాలోంచి సీసా తీసి, గోడవైపు తిరిగి రెండు గుక్కలు ఎందుకు తాగుతుందో అడిగినవాళ్లు లేరు.

ఆ రెండు గుక్కలు పడకపోతే అగ్గిపుల్ల వత్తి దాకా పోదు. తాగి, నోరు పుక్కిలించి, లవంగం కొరికి, మళ్లీ చేతులు కడుక్కుని ఆమె దేవుడి ముందు కూర్చుంటుంది. స్వామీ, నీకు తెలవదా అనుకుంటుంది. ఎల్లమ్మ పండగనాడు ఆ తల్లి ముందు కల్లు సాక పోసేది కూడా ఈ చేతులతోనే. ఆ తల్లి తాగుతుంది, ఈ అయ్యప్ప తాగడు. తాగే తల్లికి చెప్పుకుంటే నయమేమో అని ఒక్కోసారి తోస్తుంది. చెంపలు వేసుకుంటుంది.

బోధన్‌లో వాళ్ల గల్లీ అంతా ఆమె అదృష్టం గురించి ఒకటే మాట.

"నీకేం తక్కువ గంగామణీ," అంటుంది పక్కింటి రుక్మాబాయి. "మా ఇంటాయన తాగొచ్చి మోరిల పడితే నేను ఈడ్సుకరావాలె. నీ మొగడు చాయ గూడ తాగడు. ఏ జన్మల పూజ చేసినవో."

నిజమే. నరేందర్ రైస్ మిల్లులో గుమాస్తా. నోట్లో బీడీ లేదు, మందు లేదు, ఒక చెడ్డ మాట లేదు. చెయ్యి ఎత్తడు. జీతం తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. అంత మంచి మొగుడున్న ఆడది దుఃఖం గురించి నోరు విప్పితే వినేవాళ్లకు నవ్వొస్తుంది. తాగే మొగుడున్న ఆడవాళ్లకు కనీసం ఏడవడానికి కారణం ఉంటుంది.

కల్లు ఆమెకు అత్తగారు పోసినదే. సుష్మ పుట్టినప్పుడు, పచ్చి బాలింతకు, గిన్నెలో పోసి ఇచ్చింది హన్మవ్వ. "తాగు బిడ్డా, పాలు పడుతయ్. నడుము గట్టిపడుతది," అంది. ప్రేమగానే అంది. ఆ తర్వాత బీడీలు చుట్టే పని. పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, సాయంత్రానికి వేళ్లు వంగవు, మెడ తిరగదు. అప్పుడూ హన్మవ్వే కల్లు డిపో నుంచి తెప్పించేది. "కల్లు తాగుడెట్లయితదే? చెట్టు నీళ్లు. మా అవ్వ తాగింది, నేను తాగిన," అనేది. హన్మవ్వ రోజుకో గ్లాసు తాగి, పండుకుని, లేచి పని చేసుకునేది. గంగామణికి గ్లాసు సీసా అయింది, సీసా రెండయింది. డిపోలో దొరికేది చెట్టు నీళ్లు కాదని, అందులో మత్తు కలుపుతారని ఊరందరికీ తెలుసు. తెలిసినా దాని పేరు కల్లే. కల్లు తాగితే తాగినట్టు కాదు. కాబట్టి గంగామణి తాగుబోతు కాదు. ఆమెకు ఉన్న రోగానికి ఆ ఇంట్లో పేరే లేదు.

ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు పెట్టి, చాట ఒళ్లో ఉండగానే ఆమె తూలిపోయింది. లేచేసరికి ఇల్లంతా పొగ. మూలన జ్వరంతో పడుకున్న సుష్మను రుక్మాబాయి ఎత్తుకుపోయి వాకిట్లో కూర్చోబెట్టింది. పిల్ల దగ్గుతూ తల్లినే చూస్తోంది. ఆ వేసవి తర్వాత సుష్మను నిజామాబాద్‌లో హాస్టల్లో వేశారు. చదువు కోసమని అందరికీ చెప్పారు. "అమ్మా, నువ్వు రాకు. బాపును పంపు," అంటుంది పిల్ల ఫోన్లో. ఎందుకని గంగామణి అడగలేదు. జవాబు తెలిసిన ప్రశ్న అడగడం కూడా ఒక ధైర్యమే.

మొన్న వానాకాలం అధికారులు వచ్చి కల్లు డిపోలు మూయించినప్పుడు ఆమె మెడ ఒక పక్కకు వంకరపోయింది. గోడ మీద చీమలు లేకపోయినా కనిపించాయి. సర్కారు దవాఖానలో డాక్టరు చూసి, ఇది మత్తు కల్లు అలవాటై, ఒక్కసారి ఆగిపోతే వచ్చేదని చెప్పాడు. నరేందర్ తల వంచుకుని విన్నాడు. ఇంటికొచ్చి చుట్టాలకు మాత్రం నరాల బీమారి అన్నాడు. డిపోలు మళ్లీ తెరిచాక ఒకసారి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి సీసా బయటకు తీశాడు. తిట్టలేదు. "మనసు గట్టిగ చేసుకుంటే ఏం కష్టం గాదు గంగా. నేను చేసుకుంటలేనా," అన్నాడు. సీసా మోరీలో వంపేసి చేతులు కడుక్కున్నాడు. ఆ మాట తిట్టు కన్నా లోతుకు దిగింది.

దవాఖానలో ఊడ్చే ఆయమ్మ ఒక నంబరు చెప్పింది. తాగుడు మానాలనుకునేవాళ్లు వారానికోసారి కూర్చుని మాట్లాడుకుంటారట. పైసా అడగరట. గంగామణి ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్ చేసింది. అవతల మగ గొంతు మెత్తగా ఉంది.

"చెప్పమ్మా, మీ ఆయన కోసమా?"

కాదు, నాకే అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకు ఊపిరి అందలేదు.

"ఆఁ," అంది.

"తాగేటోడు సీదా రాడు తల్లీ, ఎరికే మాకు. ముందుగాల మీరు రాన్రి. ఇంటామెలకు పక్క రూముల వేరే మీటింగ్ ఉంటది."

ఆ గొంతు మల్లికార్జున్‌ది. పూర్వం తాగి, మాని, ఇప్పుడు ఆ మీటింగ్ నడిపే మనిషి.

నిజామాబాద్ బస్టాండు వెనక గల్లీలో చిన్న పిల్లల బడి. ఆదివారం మధ్యాహ్నం ఒక తరగతి గదిలో మగవాళ్లు, పక్క గదిలో వాళ్ల భార్యలు. మధ్యలో చెక్క అడ్డమే కానీ అది పైకప్పు దాకా లేదు. నరాల డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి వచ్చిన గంగామణి పిల్లల బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నామె పేరు ఆబిదా, ఆమెదీ బోధనే. ఆమె భర్త సిరాజ్ వెల్డింగ్ పని చేస్తాడు, అడ్డానికి అవతల కూర్చున్నాడు.

"చెప్పు అక్కా, ఏం శరమ్ పడకు. ఈడ అందరి ఇండ్లు గట్లనే ఉంటయ్," అంది ఆబిదా.

గంగామణి మొదలుపెట్టింది. "మా ఆయన బియ్యం డబ్బాల దాసుకుంటడు."

"ఏందీ, క్వార్టరా?"

"కల్లు."

"మొగోనికి దాసుడేందక్కా? బాజాప్తా తాగుతడు గద. మీ ఆయనకు వంటిల్లు గింత మంచిగ తెలుసా?" ఆబిదా నవ్వింది. అందరూ నవ్వారు. కానీ ఎవరూ ఆ సంగతి పట్టి లాగలేదు. మొగుడు కల్లు దాచుకోవడం వింతగా తోచింది కానీ, దాచుకునేది మొగుడు కాకపోవచ్చని ఎవరికీ తోచలేదు.

"పొద్దుగాల లేవంగనే గోడ దిక్కు తిరిగి తాగుతడు," అంది. "తాగి ఏడుస్తడు. బిడ్డ మీద ఒట్టేస్తడు. ఒట్టేసిన నోటితోనే మల్ల తాగుతడు. తనంటె తనకే రోత. సచ్చిపోతే మంచిగుండు అనుకుంటడు. గది గూడ చాతగాదు."

ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఆమె తన గురించి నిజం చెప్పింది, ఆయన పేరు మీద. చెప్పాక గుండె కొంచెం తేలికైంది. వెంటనే ఆ గదిలోని మాటలు మొదలయ్యాయి. "సిగ్గు లేనోడు." "బిడ్డ మీద ఒట్టేస్తడా, వాని నోట్ల మన్ను పడ." "అక్కా, జాలి పడకు. అసోంటోన్ని ఇంట్ల ఉంచుకునుడే తప్పు." ఒక్కొక్క మాటా ఆమె తల వంచి తీసుకుంది. అన్నీ తనవే.

ఐనా ఆదివారం కోసం ఎదురుచూసేది. అవతలి గది కోసం. అక్కడి మాటలు అడ్డం మీదుగా వచ్చేవి. ఎవడో తాను తాగి పక్కింటి గేదె దగ్గర పడుకున్న సంగతి చెబితే అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఇంకొకడు ఏడిస్తే ఎవరూ తిట్టేవాళ్లు కాదు, చప్పట్లు కొట్టేవాళ్లు. కోటగిరి నుంచి వచ్చే ఆశన్న అనే ముసలాయన ప్రతివారం, "ఈ వారం గూడ తాగిన" అనే చెప్పేవాడు. "మంచిది బాపూ, వచ్చినవ్ గద," అనేవాళ్లు. వచ్చినవ్ గద. ఆ మాట తనతో ఎవరన్నా అంటే ఎట్లుంటుందో అని ఆమె ఊహించుకునేది. భార్యల గదిలో ఏడుపు మాత్రమే ఉండేది. తాగినవాళ్లకు నవ్వులు, తాగనివాళ్లకు ఏడుపులు. తను రెంటికీ చెందినది, కూర్చున్నది మాత్రం ఒక్క గదిలోనే.

కార్తీకంలో ఎప్పటిలాగే నరేందర్ మాల వేసుకున్నాడు. ఆ దీక్ష నడుస్తుండగానే ఒక ఉదయం వాకిట్లో ఆబిదా, ఆమె వెనక ఒక పెద్దమనిషి కనబడ్డారు. గంగామణి చేతిలో చీపురు జారింది.

"చెప్తే వద్దంటవని చెప్పలే అక్కా," అంది ఆబిదా సంతోషంగా. "మల్లికార్జున్ అన్నను తోలుకొచ్చిన. మీ ఆయనతోని మాట్లాడుతడు."

మల్లికార్జున్ చెప్పులు బయటే విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికొచ్చాడు. నల్లబట్టల్లో, గంధం బొట్టుతో చాప మీద కూర్చున్న నరేందర్‌ను చూసి చేతులు జోడించాడు. "స్వామి శరణం," అన్నాడు. నరేందర్ కూడా లేచి శరణం చెప్పాడు. ఎవరో గురుస్వామి అనుకున్నాడు.

"స్వామీ, ఒక్క మాట చెప్పిపోదమని వచ్చిన," అన్నాడు మల్లికార్జున్ పక్కన కూర్చుంటూ. "నేను గూడ మస్తు సార్లు మాలేసిన. మాల ఉన్నన్ని దినాలు మందు వాసన గూడ చూడకపోతుంటి. శబరిమల పోయొచ్చి మాల తీసినంక సీదా వైన్స్ కాడికే. మాలల మానుడు మానుడు గాదు స్వామీ. తీసినంక ఎట్లనో గది ఇప్పటి సంది ఆలోచన చేయున్రి."

నరేందర్ ముఖం ఎర్రబడింది. "ఎవరు చెప్పిండ్రు మీకు, నేను తాగుతనని?"

"గుస్సా చేయకున్రి భాయ్," అంది ఆబిదా గడప దగ్గర నుంచి. "తప్పు పట్టనీకి రాలే. మీ ఇంటామె కంట్ల నీళ్లు చూసి వచ్చినం. బియ్యం డబ్బా సంగతి గూడ చెప్పింది."

చింతపండు గింజ తీస్తున్న హన్మవ్వ చెయ్యి ఆగింది. నరేందర్ తల తిప్పి గంగామణిని చూశాడు. ఆయనకు అంతా అర్థమైందని ఆమెకు అర్థమైంది. ఇప్పుడు అనేస్తాడు అనుకుంది. తాగేది నేను కాదు, ఇదిగో ఇది, అంటాడు. అంటే భయం, కానీ ఆ భయం అడుగున సన్నగా ఒక ఆశ. తను చెప్పలేని మాట ఆయనైనా చెబితే బాగుండు. చెబితే వీళ్లిద్దరూ తనవైపు తిరిగి చూస్తారు. ఏదో ఒకటి అంటారు.

నరేందర్ చాలాసేపు అయ్యప్ప పటం వైపు చూశాడు. తర్వాత చేతులు జోడించాడు.

"తప్పే స్వామీ," అన్నాడు. "తాగేది నేనే. ఇగ తాగ."

మల్లికార్జున్ కళ్లు తుడుచుకున్నాడు. "ఒప్పుకునుడే పెద్ద పని స్వామీ. సగం గెలిచినట్టే. వచ్చే ఆదివారం మీరొచ్చి నలుగుట్ల ఒక మాట చెప్పాలె. లేకపోతే నేనే మల్ల వస్త."

వాళ్లు పోయాక నరేందర్ మళ్లీ తలస్నానం చేసి వచ్చాడు. చలికి పెదాలు నల్లబడ్డాయి.

"మొగోడు తాగుతడంటే నాలుగు దినాలు అనుకుంటరు, మర్చిపోతరు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "పెండ్లాం తాగుతదంటే బిడ్డ తలెత్తుకోని తిరుగగలుగుతదా? మాలల ఉండి అబద్ధమాడిన. నీ కోసం. యాదికుంచుకో."

"దేవునసోంటి మొగడు," అంది హన్మవ్వ. "ఇంకెవడన్నా ఐతే చెప్పు తీసుకుంటుండె. కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకో."

ఆమెకు నిజంగానే ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. అదే అన్నిటికన్నా కష్టమైన సంగతి. ఆయన చేసింది మామూలు త్యాగం కాదు, దేవుడికి భయపడే మనిషి దేవుడి ముందే అబద్ధం మోశాడు. ఆ రాత్రి దాకా, మరునాడు బీడీలు చుడుతూ కూడా ఆమె అదే ఆలోచించింది. ఆయన అబద్ధం ఆయనకు బరువే కానీ నిలబడటానికి చోటుంది. తాగి మానిన మగాడికి ఊళ్లో కుర్చీ వేస్తారు. తాగే ఆడదానికి ఏమేస్తారు? ఇంతకీ ఆయన కాపాడింది ఎవరిని? తనను కాపాడి ఉంటే పట్టుకోవడానికి తనకు ఏ ఆసరా ఎందుకు దొరకలేదు? ఆయన ఇంటి చుట్టూ గోడ కట్టాడు, తను లోపల కాలుతోంది. స్వామీ, నీకైనా తెలుసు కదా ఏ తప్పు ఎవరిదో అని అడిగింది. పటంలో దేవుడు ఎప్పటిలాగే కూర్చున్నాడు.

"ఒక్కసారి పోయి ముఖం చూపిచ్చి వద్దం," అన్నాడు నరేందర్ ఆదివారం పొద్దున. "పీడ పోతది. ఇంక అటు పోవుడు నీది గూడ బందు. మల్ల ఎవడన్న గల్లీలకు వస్తే మంచిగుండది."

ఆయన స్నానానికి పోగానే హన్మవ్వ వంటింట్లోకి వచ్చింది. కొంగు కింద గ్లాసు ఉంది. "తాగు," అంది మెల్లగా. "నలుగుట్ల మెడ వంకరపోతే ఎట్ల? ఉన్నది ఉన్నట్టు తెలుస్తది. జరంత తాగి పో." పదేళ్ల కింద బాలింతకు పోసిన గొంతే. ఆ గొంతులో అప్పుడూ ఇప్పుడూ ద్వేషం లేదు. గంగామణి గోడవైపు తిరిగి తాగింది.

బస్సులో నరేందర్ కిటికీ పక్కన ఒక్కడే కూర్చున్నాడు. దీక్షలో ఉన్న మనిషి పక్కన ఆమె కూర్చోలేదు. ఆయన కండక్టరును కూడా స్వామీ అనే పిలిచాడు.

అడ్డానికి ఇవతల ఆమె, అవతల ఆయన. నరేందర్ గొంతు మొదట తడబడింది, తర్వాత నిలదొక్కుకుంది. మిల్లులో దోస్తులు అలవాటు చేశారన్నాడు. ఇంట్లో దాచుకున్నానన్నాడు. భార్యను ఏడిపించానన్నాడు. "అయ్యప్ప దయతోని మానిన. ఒక్కసారి గట్టిగ అనుకున్న, మానిన. ఇప్పుడు దాని మీదికి పానమే పోతలేదు," అన్నాడు. అది మాత్రం నిజం. ఎన్నడూ పోలేదు.

చప్పట్లు మోగాయి. ఇన్ని ఆదివారాల్లో అంత గట్టిగా ఎవరికీ కొట్టలేదు. ఆబిదా గంగామణిని కౌగిలించుకుంది. "ముబారక్ అక్కా. నీ ఇల్లు బాగైంది. ఇగ నువ్వు ఈడికొచ్చే అక్కెర లేదు. నా నసీబు ఎన్నడు తిరుగుతదో." ఆమె ఏడుస్తోంది. గంగామణి ఆ భుజం మీద తల ఆనించి, తలుపులు ఒక్కొక్కటే మూతపడటం విన్నట్టు కూర్చుంది. ఇంట్లో మానమని చెప్పేవాడున్నాడు, తాగమని పోసేదుంది. మానడం ఎట్లనో మాట్లాడుకునే చోటు ఇదొక్కటే ఉండె. ఇప్పుడు ఇక్కడికొచ్చే కారణమే పోయింది. బాగుపడిన మొగుడున్న ఆడది ఇక్కడ ఏ బెంచీ మీద కూర్చుంటుంది?

అవతల దగ్గు వినిపించింది. ఆశన్న.

"స్వామీ, ఒక మాట అడుగుత," అన్నాడు ముసలాయన. "పొద్దుగాల లేవంగనే లోపట గుంజుతది గద. గప్పుడు ఏం చేసినవ్? నాతోని గదే అయితలేదు. తీరొక్క తీరుగ చేసి చూసిన."

నరేందర్ మాల సర్దుకున్నాడు. ఏమంటాడు, ఆయనకేం తెలుసు. "గట్లేం గుంజలేదు నాకు," అన్నాడు చివరికి. "మనసు గట్టిగుండాలె బాపూ. మనసు గట్టిగుంటే ఏం కష్టం గాదు."

"గంతే అంటవా," అన్నాడు ఆశన్న. బెంచీ కిర్రుమంది. "ఐతే నాదే లోపముండచ్చు స్వామీ. నాకు మనసే లేదేమో. ఇగ ఊకె బస్సుల పడి వచ్చుడెందుకు, వచ్చే వారం సంది రాను."

ఎవరో, "అట్లనకు బాపూ," అన్నారు. కానీ మాటలో బలం లేదు. నిన్నటిదాకా తాగి ఇవాళ ఏ బాధా లేకుండా మానేసిన మనిషి కళ్లెదుట కూర్చుని ఉంటే ఇంకెవరికైనా మాట ఎట్లా వస్తుంది?

గంగామణి ఆబిదా చేతులు విడిపించుకుంది. లేచింది. "ఎటు పోతున్నవ్ అక్కా?" అని ఆబిదా అడుగుతుండగానే గడప దాటి, వరండాలో నాలుగడుగులు వేసి, అవతలి గది తలుపు దగ్గర నిలబడింది. మగవాళ్లంతా తలలు తిప్పారు. పంచె కట్టుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని మూలన కూర్చున్న ముసలాయనే ఆశన్న అని ఆమెకు చూడగానే తెలిసింది. ఇన్నాళ్లుగా గొంతు ఒక్కటే తెలుసు.

"అమ్మా, ఇంటామెలది పక్క రూము," అన్నాడు మల్లికార్జున్.

"ఎరికేనన్నా. ఇన్ని దినాలు గా రూములనే కూసున్న."

నరేందర్ లేచి నిలబడ్డాడు. "గంగా, బయటికి నడువు," అన్నాడు చిన్నగా. మాల మీద చెయ్యి వేసుకుని, బతిమాలుతున్నట్టే అన్నాడు. ఆమె ఆయన ముఖం చూసింది. ఆయన మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే ఈ పని కొంచెం సులువయ్యేది. దీని తర్వాత ఆయన తనను ఇంట్లోకి రానిస్తాడో లేదో, సుష్మ ఎన్నటికైనా ఫోన్ ఎత్తుతుందో లేదో ఆమెకు తెలియదు. ముసలాయన పక్కన బెంచీ మీద కొంచెం జాగా ఉంది. వెళ్లి అక్కడ కూర్చుంది.

"నువ్వు రావుడు బందు పెట్టకు బాపూ," అంది. "ఆయన చెప్పిందంత నా సంగతి. తాగేది ఆయన గాదు, నేను. మానిన అన్నది గూడ నిజం గాదు. ఇయ్యాల పొద్దుగాల తాగే వచ్చిన."